ముక్కలు చేతికిచ్చిన నాన్న



పోయిన ఏడాది సైన్స్ ఎగ్జిబిషన్ రోజు ఐదో తరగతి బల్లల దగ్గర ఒక రైల్వే స్టేషన్ చూశాను. థర్మోకోల్ ప్లాట్‌ఫాం, ఐస్‌క్రీం పుల్లల పట్టాలు, సిగ్నల్‌కి ఎర్ర ఎల్‌ఈడీ బల్బు, కాచిగూడ స్టేషన్‌కి ఉన్నట్టు పైన గుమ్మటాలు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. సిగ్నల్ ఎలా వెలుగుతోందని బాబును అడిగాను. వాడు వెనక్కి తిరిగి వాళ్ల నాన్న వైపు చూశాడు. నాన్నగారు సర్క్యూట్ అంతా చక్కగా, ఎంతో ఇష్టంగా వివరించారు. రెండు రాత్రులు కూర్చుని చేశారట. బాబు ఏం చేశాడని అడిగితే, ఫెవికాల్ అందించాడని నవ్వుతూ చెప్పారు.

మార్కులు వేశాను. తక్కువేం వేయలేదు. అసలు ఆ ప్రాజెక్టు ఇచ్చింది నేనే. పదేళ్ల పిల్లవాడు మూడు రోజుల్లో ఒక్కడే చేయగలిగేది కాదని ఇచ్చే ముందే నేను ఆలోచించాల్సింది.

ఆ సాయంత్రం నుంచి నా మనసులో తిరుగుతున్న ఒక మనిషి గురించి ఈ నెల రాస్తున్నాను. ఆయన కూడా పిల్లల కోసం రాత్రిళ్లు కూర్చుని రేకులు కత్తిరించిన నాన్నే. కాకపోతే ఆయన ఒక చోట ఆగాడు. ఆ ఆగిన చోటే ఆయన జీవితం మలుపు తిరిగింది. పేరు ఫ్రాంక్ హార్న్‌బీ. బొమ్మ రైళ్లంటే పిచ్చి ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ పేరు తెలియని వాళ్లుండరు. మిగతావాళ్లకు ఆయన పేరు తెలియకపోయినా ఆయన వస్తువు తెలిసే ఉంటుంది. చిల్లులున్న ఇనప పట్టీలు, చిన్న చిన్న నట్లు, బోల్టులు, ఒక స్పానర్ ఉన్న డబ్బా మన ఇళ్లలో మెకానిక్స్ సెట్ పేరుతో తిరిగింది కదా, దానికి మూలం ఆయన తయారు చేసిన మెకానో.

ఫ్రాంక్ 1863 మే 15న ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో పుట్టాడు. అది ఓడరేవు ఊరు. ఎటు చూసినా ఓడలు, సరుకు ఎత్తే క్రేన్లు, రైళ్లు. తండ్రి జాన్ ఆహార సరుకుల వ్యాపారి. ఫ్రాంక్ పదహారేళ్లకే బడి మానేసి తండ్రి వ్యాపారంలో క్యాషియర్‌గా కూర్చున్నాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, వర్క్‌షాపులో పని నేర్చుకున్నదీ లేదు. చిన్నప్పుడు శామ్యూల్ స్మైల్స్ రాసిన ఒక పుస్తకం చదివాడు. కష్టపడి పైకొచ్చిన ఇంజనీర్లు, కొత్త వస్తువులు కనిపెట్టినవాళ్ల కథలు అందులో ఉంటాయి. ఆ కథలు ఆ కుర్రవాడికి బాగా ఎక్కాయి. ఇంట్లో చిన్న చిన్న పనిముట్లతో ఏవేవో చేయడం మొదలుపెట్టాడు. ఒకసారి, ఒక్కసారి కదిలిస్తే ఇక ఎప్పటికీ ఆగకుండా తిరిగే యంత్రం చేద్దామనీ చూశాడు. అది జరగని పని అని మన తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెప్పేస్తారు. ఫ్రాంక్ మాత్రం చేసి, అది ఆగిపోవడం చూసి తెలుసుకున్నాడు.

1887లో క్లారా అనే స్కూల్ టీచర్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఒక టీచర్‌గా ఈ వివరం రాయకుండా ఉండలేను. వాళ్లకు రోలండ్, డగ్లస్ అని ఇద్దరు కొడుకులు, పట్రీషియా అనే కూతురు. 1899లో తండ్రి చనిపోయాడు, ఆ వ్యాపారం మూతపడింది. ముప్పయ్యారేళ్ల వయసులో, పెళ్లాం పిల్లలతో ఉన్న మనిషి, మరొకరి దగ్గర పద్దులు రాసే గుమాస్తాగా చేరాడు. ఆ యజమాని పేరు డేవిడ్ ఎలియట్, మాంసం దిగుమతి చేసుకునే వ్యాపారి. పగలంతా లెక్కల పుస్తకాలు, సాయంత్రం ఇల్లు. ఇంతవరకు ఇది ఏ ఊళ్లోనైనా, ఏ కాలంలోనైనా కనిపించే మధ్యతరగతి కథ.

ఇంటికొచ్చాక ఆయన కొడుకుల కోసం బొమ్మలు చేసేవాడు. వంతెనలు, లారీలు, క్రేన్లు. రాగి రేకు తెచ్చి, చేత్తో కత్తిరించి, వంచి, అతికించేవాడు. పిల్లలకు సరదాగానే ఉండేది కానీ తండ్రికి ఒక చిక్కు వచ్చింది. క్రేన్ కోసం చేసిన ముక్క క్రేన్‌కే పనికొస్తుంది. రేపు వంతెన కావాలంటే మళ్లీ మొదటి నుంచి రేకు కత్తిరించాలి. పైగా పని అంతా తండ్రిదే. పిల్లలు పక్కన కూర్చుని చూడటం, ఏది కావాలో చెప్పడం వరకే. మా ఐదో తరగతి బాబు ఫెవికాల్ అందించాడే, సరిగ్గా అలాగన్నమాట.

తర్వాతి రోజుల్లో ఆయన స్వయంగా చెప్పుకున్నదాని ప్రకారం, దీనికి దారి ఒక రైలు ప్రయాణంలో దొరికింది. క్రిస్మస్ ముందు రోజు, చాలా దూరం ప్రయాణం. కిటికీ పక్కన కూర్చుని కొడుకుల బొమ్మ గురించే ఆలోచిస్తున్నాడు. బయట ఒక క్రేన్ కనిపించింది. అంత పెద్ద క్రేన్ కూడా మామూలు ఇనప పట్టీలే, చిల్లుల్లోంచి బోల్టులు వేసి బిగించినవే. మరి బొమ్మకి మాత్రం ఒక్కో ముక్క ఒక్కో ఆకారంలో ఎందుకు ఉండాలి? అన్ని పట్టీలూ ఒకే వెడల్పులో ఉండి, చిల్లులన్నీ ఒకే దూరంలో ఉంటే, ఏ పట్టీనైనా ఏ పట్టీకైనా బిగించవచ్చు. విప్పేసి, అవే ముక్కలతో ఇంకోటి కట్టవచ్చు.

ఇంటికి వెళ్లి అర అంగుళం వెడల్పు పట్టీలు కత్తిరించాడు. చిల్లుకీ చిల్లుకీ మధ్య అర అంగుళం. మొదట నట్లు, బోల్టులు కూడా చేత్తోనే చేసుకోవాలని చూశాడు కానీ, అదృష్టవశాత్తు సరిపడినవి బజారులో దొరికాయి. ఆ అర అంగుళమే అసలు కిటుకు. రెండో తరగతి పిల్లలకు గళ్ల నోటుబుక్కు ఇస్తాం చూడండి. గళ్లన్నీ ఒకే కొలత కాబట్టి ఏ అంకె కింద ఏ అంకె రాయాలో పిల్లలకే తెలిసిపోతుంది. ఇదీ అలాంటిదే. కొలత పెద్దవాళ్లు పెట్టారు, లెక్క పిల్లలు చేసుకుంటారు.

నాకు నచ్చేది ఈ సంగతే. ఆయన బొమ్మలు చేయడం మానేశాడు. ముక్కలు చేసి పిల్లల చేతికిచ్చాడు. క్రేన్ కట్టాల్సింది ఇక రోలండ్, డగ్లస్ లే. అది వంకరగా వచ్చినా, కూలిపోయినా, విప్పి మళ్లీ కట్టడానికి ముక్కలు ఎక్కడికీ పోవు.

1901 జనవరిలో ఆయన దీనికి పేటెంట్ అడిగాడు. అందుకు చేతిలో డబ్బు లేదు. యజమాని ఎలియట్ దగ్గర 5 పౌండ్లు అప్పు తీసుకున్నాడు. గుమాస్తా పిల్లల బొమ్మల కోసం అప్పు అడిగితే ఏ యజమాని ఇస్తాడు చెప్పండి? ఎలియట్ ఇచ్చాడు. అప్పుతో ఆగలేదు. తన ఆఫీసు పక్కన ఖాళీగా ఉన్న గది కూడా ఇచ్చి, వ్యాపారంలో భాగస్వామిగా చేరాడు. 1902లో మొదటి సెట్టు బజారులోకి వచ్చింది. మెకానిక్స్‌ని సులువు చేసే ఆట అనే అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. డబ్బాలో 16 రకాల ముక్కలు, 12 నమూనాలు ఎలా కట్టాలో చూపే కాగితం. ధర 7 షిల్లింగుల 6 పెన్నీలు.

కొట్లవాళ్లకు అది ఎక్కలేదు. చూడటానికి అది బొమ్మలాగే లేదు మరి. అందంగా రంగులేసిన గుర్రమో, రైలో అయితే పిల్లవాడు కిటికీలోంచి చూసి కావాలని ఏడుస్తాడు. చిల్లుల పట్టీలు చూసి ఎవరు ఏడుస్తారు? పైగా ముక్కలు బయట చేయించేవారు, అవి సరిగ్గా వచ్చేవి కావు. లివర్‌పూల్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా ఉన్న హెన్రీ హీల్ షా ఈ ఆటలో ఉన్న విషయం గ్రహించి, మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని హార్న్‌బీ తలుపులు తట్టాడు. 1903లో 1,500 సెట్లు అమ్ముడయ్యాయి, అయినా లాభం మాత్రం లేదు. మొదటి కొన్నేళ్లు అలాగే నడిచాయి. నలభై ఏళ్ల మనిషి, ఉద్యోగం చేసుకుంటూ, లాభం లేని బొమ్మల వ్యాపారం పక్కన పెట్టుకుని, ఇంట్లోవాళ్లకు ఏం చెప్పేవాడో! మన దగ్గరైతే ఈపాటికి నలుగురు బంధువులు వచ్చి కూర్చోబెట్టి మాట్లాడేవారు.

1907లో ముక్కలు తామే తయారు చేసుకోక తప్పదని తేలింది. యంత్రాలకు, జీతాలకు 2,000 పౌండ్ల అప్పు చేశాడు, ఉద్యోగం మానేశాడు. ఆ ఏడాదే మెకానో అనే పేరు రిజిస్టర్ చేశాడు. 1908లో మెకానో లిమిటెడ్ కంపెనీ పెట్టేటప్పుడు ఎలియట్ అందులో చేరలేదు. మొదటి 5 పౌండ్లు ఇచ్చిన మనిషి సరిగ్గా బండి కదిలే సమయానికి దిగిపోయాడు. ఆయన గురించి ఇంకా తెలిస్తే బాగుండనిపిస్తుంది నాకు. అక్కడి నుంచి హార్న్‌బీ వెనక్కి చూడలేదు. 1914 నాటికి లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డులో పెద్ద ఫ్యాక్టరీ, పారిస్‌లో ఒక కంపెనీ, ఎన్నో దేశాల్లో అమ్మకాలు.

ఇక రైళ్ల సంగతికి వస్తాను.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండ్ పిల్లల చేతుల్లోని బొమ్మ రైళ్లలో ఎక్కువ భాగం జర్మనీ నుంచి వచ్చేవి. యుద్ధంతో అవి ఆగిపోయాయి. 1920లో హార్న్‌బీ తన పేరుతోనే రైళ్లు తెచ్చాడు. కీ ఇస్తే నడిచే రేకు ఇంజన్, పట్టాల మధ్య వెడల్పు 32 మిల్లీమీటర్లు. ఆ మొదటి రైళ్లు కూడా మెకానో పద్ధతిలోనే నట్లు, బోల్టులతో బిగించినవి. పిల్లవాడు ఇంజన్ విప్పి మళ్లీ బిగించవచ్చు. ఒకే ఇంజన్‌ను నల్లరంగు వేసి ఒక రైల్వే కంపెనీదిగా, ఎరుపు వేసి ఇంకోదిగా, ఆకుపచ్చ వేసి మరోదిగా అమ్మారు. అక్కడ అప్పట్లో రైళ్లు ప్రైవేటు కంపెనీలవి, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. తమ ఊరి మీదుగా పోయే రైలు రంగే పిల్లలకు కావాలి కదా.

కొన్నాళ్లకు ఆ విప్పి బిగించే పద్ధతి పోయింది. రైళ్లు బిగించేసే వచ్చేవి. ఇది చదివినప్పుడు నాకు కొంచెం బాధేసింది, ఆయన కూడా చివరికి తయారైన బొమ్మే అమ్మాడా అని. కానీ పిల్లలు ఏం చేశారో చూడండి. రైలు విప్పడానికి లేకపోతే, రైలు చుట్టూ ఊరు కట్టడం మొదలుపెట్టారు. పట్టాలు ఎటు పోవాలి, స్టేషన్ ఎక్కడ, సరుకుల షెడ్డు ఎక్కడ, సొరంగానికి కొండ ఏ డబ్బాతో చేయాలి. హార్న్‌బీ కంపెనీ రేకు స్టేషన్లు అమ్మింది. వాటి మీద మార్గేట్, విండ్సర్, రిపన్ అని ఊళ్ల పేర్లుండేవి. సిగ్నళ్లు, చెట్లు, లెవెల్ క్రాసింగ్ గేట్లు వచ్చాయి. ప్లాట్‌ఫాం మీద నిలబెట్టడానికి పోర్టర్ల బొమ్మలు, పొలంలో పెట్టడానికి ఆవులు వచ్చాయి. స్టేషన్ బయట నిలబెట్టడానికి చిన్న చిన్న కార్లు కూడా చేశారు. 1934లో ఆ కార్లకు డింకీ టాయ్స్ అని పేరు పెట్టారు. ప్రపంచమంతా సేకరించే డింకీ కార్లు బొమ్మ రైల్వే స్టేషన్‌కి అలంకారంగా మొదలయ్యాయంటే నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. చాలా ఏళ్ల తర్వాత వాటి పాత అచ్చులు కొన్ని కలకత్తాకు చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో మన దేశంలోనూ బొమ్మలయ్యాయి.

హార్న్‌బీ చేసిన మరో పని నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. పిల్లలు ఒంటరిగా ఆడుకుంటే సరిపోదని ఆయన అనుకున్నాడు. 1916లో మెకానో పత్రిక మొదలైంది. 1919లో మెకానో గిల్డ్ పెట్టి, అప్పటికే అక్కడక్కడా పిల్లలు పెట్టుకున్న క్లబ్బులన్నింటినీ కలిపాడు. క్లబ్బుకి ఒక పెద్దమనిషి అండగా ఉంటాడు, కానీ సెక్రటరీ, ట్రెజరర్ పిల్లలే. చందాలు వాళ్లే వసూలు చేస్తారు, లెక్కలు వాళ్లే రాస్తారు. ఏడాదికోసారి హాలు తీసుకుని తాము కట్టినవి ఊరివాళ్లకు చూపిస్తారు. 1928లో రైలు బొమ్మలున్న పిల్లల కోసం హార్న్‌బీ రైల్వే కంపెనీ అని ఇంకో సంఘం వచ్చింది. దానికో బ్యాడ్జి ఉండేది.

ఇదంతా వ్యాపారం కూడానని ఒప్పుకోవాలి. బ్యాడ్జి పెట్టుకున్న పిల్లవాడు తర్వాతి సెట్టు కోసం ఇంట్లో పోరు పెడతాడు. సెట్లకు నంబర్లుండేవి. ఒక నంబరు నుంచి పై నంబరుకు వెళ్లడానికి మధ్యలో ఇంకో డబ్బా కొనాలి. ఫీజులు, యూనిఫాంలు, పుస్తకాలు కొనే మీకు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో నేను చెప్పనక్కర్లేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ డబ్బాల మీద బొమ్మలన్నీ మగపిల్లలవే, ప్రకటనలన్నీ మగపిల్లలను ఉద్దేశించినవే. ఇంట్లో కూతురున్న మనిషి అలా చేయడం నాకు నచ్చలేదు. మా క్లాసులో స్క్రూడ్రైవర్ ముందుగా అందుకునేది ఎప్పుడూ ఇద్దరమ్మాయిలే.

1931లో ఆయన ఎవర్టన్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1935లో రాజకీయాలు వదిలేశాడు. 1936 సెప్టెంబర్ 21న, 73 ఏళ్ల వయసులో చనిపోయాడు. పదహారేళ్లకు బడి మానేసిన క్యాషియర్ అప్పటికి లక్షల పౌండ్లకు అధిపతి. కంపెనీ పెద్దరికం పెద్ద కొడుకు రోలండ్‌కి వచ్చింది, ఆ మొదటి క్రేన్ కట్టుకున్న రోలండ్‌కే.

రెండేళ్లకు, 1938లో, కంపెనీ హార్న్‌బీ డబ్లో అనే చిన్న రైళ్లు తెచ్చింది. పాతవాటిలో సగం సైజు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఫ్రాంక్ హార్న్‌బీ వీటిని చూడలేదు. కానీ ఇంగ్లండ్‌లో ఈ రోజు ప్రదర్శనలకు వచ్చే బొమ్మ రైల్వేల్లో ఎక్కువ భాగం ఈ కొలతవే. అసలు రైలులో ఒక అడుగుకి ఇక్కడ 4 మిల్లీమీటర్లు, అంటే సుమారు 76 వంతుల్లో ఒక వంతు. ఆరడుగుల గార్డు 24 మిల్లీమీటర్లు ఉంటాడు. కిలోమీటరు దూరం 13 మీటర్లకు వచ్చేస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. అక్కడి అసలు పట్టాల వెడల్పు 1,435 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం బొమ్మ పట్టాలు దాదాపు 18.8 మిల్లీమీటర్లు ఉండాలి, కానీ 16.5 తోనే సరిపెట్టారు. బ్రిటిష్ ఇంజన్లు యూరప్ ఇంజన్లకంటే సన్నం, అందులో అప్పటి మోటారు పట్టదు. అందుకని పట్టాలు అలాగే ఉంచి ఇంజన్‌ని కాస్త పెద్దది చేశారు. ఆ తప్పుడు లెక్క ఇప్పటికీ నడుస్తోంది. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. అదే కొలతలో మన పట్టాలు ఎంత వెడల్పు ఉండాలో ఆదివారం పిల్లలతో లెక్క వేయించి చూడండి.

ప్రదర్శనలు అన్నాను కదా, అవి ఎలా ఉంటాయో చెప్పాలి. ఇంగ్లండ్‌లో చిన్న చిన్న ఊళ్లలో కూడా మోడల్ రైల్వే క్లబ్బులున్నాయి. లండన్‌లోని ది మోడల్ రైల్వే క్లబ్ 1910 నాటిది. శని, ఆదివారాల్లో ఏదో ఒక స్కూలు హాల్లోనో, చర్చి హాల్లోనో ప్రదర్శన పెడతారు. టికెట్టు ఉంటుంది, టీ కేకుల బల్ల ఉంటుంది, పాత ఇంజన్లు అమ్మే బల్ల ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల క్లబ్బులు తమ లేఅవుట్లు తెస్తాయి. లేఅవుట్ అనగానే మనకు ప్లాట్లు, వెంచర్లు గుర్తొస్తాయి. అక్కడ లేఅవుట్ అంటే బల్లల మీద కట్టిన బొమ్మ రైల్వే. మన సంక్రాంతి బొమ్మల కొలువు గుర్తుకు తెచ్చుకోండి. మెట్ల కింద ఇసుక పోసి, ఆవాలు చల్లి పచ్చగా మొలిపించి, ఊరు, చెరువు, బావి పెట్టి పేరంటానికి పిలుస్తాం కదా. అదే భావం. కాకపోతే ఇక్కడ రైలు టైముకి రావాలి.

లేఅవుట్ ఒక్క బల్ల కాదు. కారులో పట్టేలా ముక్కలు ముక్కలుగా చేస్తారు. హాలుకు తెచ్చి బోల్టులతో బిగిస్తారు, సాయంత్రం విప్పేస్తారు. పట్టాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, లేదంటే రైలు పడిపోతుంది. జనానికి కనిపించేది స్టేషన్, వంతెన, పొలం. వెనక తెర చాటున ఇంకో చోటుంది. అక్కడ అరడజను రైళ్లు వరుసగా నిలబడి తమ వంతు కోసం చూస్తుంటాయి. దాన్ని ఫిడిల్ యార్డ్ అంటారు. అక్కడ ఒకరు, స్టేషన్ దగ్గర ఒకరు ఉండి, కొన్ని క్లబ్బుల్లో అయితే నిజం రైల్వేలో లాగే గంట కొట్టి ఒకరికొకరు సంకేతాలిచ్చుకుంటూ రైళ్లు పంపుతారు. క్లబ్బులో ఒకరికి వడ్రంగం వస్తుంది, ఒకరికి వైరింగ్, ఒకరికి చెట్లు చేయడం, ఇంకొకరు పాత ఫొటోలు, టైంటేబుళ్లు వెతికి ఫలానా ఏడాది ఆ స్టేషన్‌కి ఏ రైలు వచ్చేదో చెబుతారు. వీళ్లలో ఒకరు లేకపోయినా లేఅవుట్ తయారుకాదు.

కొన్నింటికి ఏళ్లకేళ్లు పడుతుంది. లండన్ క్లబ్బువాళ్లు కింగ్స్ క్రాస్ స్టేషన్‌కి ఉత్తరాన ఉన్న పేటను, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఎలా ఉండేదో అలాగే కడుతున్నారు. దాని పేరు కోపెన్‌హేగన్ ఫీల్డ్స్. అందులో అడుగుకి 2 మిల్లీమీటర్లే. 1980లలో మొదలైన పని. మొదలుపెట్టినప్పటి కుర్రవాళ్లు ఇప్పుడు తాతలయ్యే వయసులో ఉంటారు. అది అలా పెరుగుతూనే ఉంది, పెరుగుతూనే ప్రదర్శనలకూ వెళ్తోంది. పూర్తి కాకపోతే మార్కులు పోతాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదేమో.

హార్న్‌బీ పాత రేకు రైళ్లు కూడా ఈ హాళ్లకు వస్తాయి. వాటిని సేకరించేవాళ్లు 1969లో ఒక సంఘం పెట్టుకున్నారు. గాజు అద్దాల వెనక పెట్టకుండా కీ ఇచ్చి నడిపిస్తారు. బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీ 1979లో మూతపడింది. కంపెనీ అంతకుముందే చేతులు మారింది. ఇప్పుడు హార్న్‌బీ పేరుతో రైళ్లు అమ్మే కంపెనీ మార్గేట్‌లో ఉంది, ఆయన రేకు స్టేషన్ మీద అచ్చువేయించిన ఊరే. పేర్లు కూడా పట్టాల మీద తిరిగి తిరిగి వస్తాయి కాబోలు.

ఈ ప్రదర్శనల్లో జరిగే ఒక చిన్న విషయం. ఎంత జాగ్రత్తగా కట్టినా రోజుకి కొన్నిసార్లు రైలు పట్టాలు తప్పుతుంది. అప్పుడు వెనక నుంచి ఒక పెద్ద చెయ్యి ఆకాశంలోంచి దిగినట్టు ఊరి మీదికి వచ్చి, రెండు వేళ్లతో బోగీని ఎత్తి మళ్లీ పట్టాల మీద పెడుతుంది. ముందు నిలబడ్డ పిల్లలు గొల్లున నవ్వుతారు. క్లబ్బు మనిషీ నవ్వుతాడు. రైలు మళ్లీ బయలుదేరుతుంది.

ఈ ఏడాది ఎగ్జిబిషన్‌కి మా క్లాసులో థర్మోకోల్ మానేశాం. అయిదుగురు పిల్లలకో బల్ల, ఆరు వారాల టైము, స్కూల్లోనే పని. ఇంటికి ఏమీ పంపడం లేదు. నాన్నలు, అమ్మలు చూడటానికి మాత్రం ఎప్పుడైనా రావచ్చు. ఇప్పుడు ఆరో తరగతికి వచ్చిన మన బాబు లెవెల్ క్రాసింగ్ గేటు చేస్తున్నాడు. రెండు వారాలైంది, గేటు పైకి లేస్తోంది కానీ కిందికి పూర్తిగా దిగడం లేదు, ఒక వేలు సందు మిగులుతోంది. నిన్న లంచ్ టైములో వచ్చి, బోల్టు ఇంకాస్త పొడుగుది కావాలని అడిగాడు. వాళ్ల నాన్నగారు మొన్న శనివారం వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని పది నిమిషాలు ఆ గేటు దగ్గరే నిలబడ్డారు. ఆయనకు అది ఎంత కష్టమైందో నేను చూశాను.